రెండు పచ్చ గీతలు

‘పచ్చ’ అంటే ఏ రంగు అని ఎవరైనా అడిగితే మనం వెంటనే జవాబు చెప్పలేము. పచ్చగడ్డిలో అది ఒక రంగు, పచ్చకామెర్లలో వేరొక రంగు. పచ్చని పైరు అన్నప్పుడు ఆకు రంగు, పచ్చని బంగారం అన్నప్పుడు పసుపు రంగు. అయినా తెలుగువాడెవ్వడూ ఈ మాట విని తికమకపడడు. పక్కనున్నది గడ్డియా, బంగారమా అన్నది చూచుకోగానే అర్థం దానంతట అదే తేలిపోతుంది. పక్క మాటను తీసివేసి ‘పచ్చ’ను ఒంటరిగా నిలబెట్టినప్పుడే చిక్కు వస్తుంది.

శాస్త్రంలో ఇట్టి చిక్కు ఉండదని సాధారణంగా అనుకొంటాము. అక్కడ మాటలకు నిర్వచనాలున్నవి, చూచినదానికి కొలతలున్నవి. కాని సూర్యకాంతిలో కనబడిన రెండు గీతల చరిత్ర చదివితే ఈ నమ్మకాన్ని కొంచెం సవరించుకోవలసి వస్తుంది. ఒకటి పసుపుపచ్చ గీత, రెండవది ఆకుపచ్చ గీత. ఏడాది తేడాతో రెండూ సంపూర్ణ సూర్యగ్రహణాలలో కనబడినవి. రెండింటికీ శాస్త్రజ్ఞులు ఒకే అర్థం చెప్పుకొన్నారు: భూమిమీద ఎవరూ ఎరుగని కొత్త మూలకం. పసుపుపచ్చ గీత విషయంలో వారన్నది నిజమైనది. ఆకుపచ్చ గీత విషయంలో కాలేదు.

మొదటి గీతతో మన ప్రాంతానికి సంబంధం ఉన్నది. ‘హీలియం 1868లో గుంటూరులో కనుగొనబడినది’ అన్న వాక్యాన్ని ఉపాధ్యాయులు చాలామంది వినే ఉంటారు, తరగతిలో చెప్పి కూడా ఉంటారు. వినడానికి గర్వంగానే ఉంటుంది. అయితే ఆ వాక్యం ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆనాటి పరిస్థితులలోకి వెళ్ళి చూడాలి.

సూర్యకాంతిని పట్టకం గుండా పంపి జాగ్రత్తగా పరిశీలిస్తే ఏడు రంగుల పట్టీలో సన్నని నల్ల గీతలు కనబడతాయి. జర్మనీ దేశస్థుడైన ఫ్రౌన్‌హోఫర్ 1814లో వీటిని లెక్కపెట్టి, ముఖ్యమైనవాటికి ఎ, బి, సి, డి అని అక్షరాలతో పేర్లు పెట్టాడు. అవి ఏమిటో ఆయనకు తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఆ రహస్యం విప్పారు. మంటలో వేడెక్కిన ప్రతి మూలకమూ తనకు మాత్రమే చెందిన రంగు గీతలను ఇస్తుంది. సోడియంది పసుపు రంగు. పొయ్యిమీద ఉప్పువేసిన నీళ్ళు పొంగి మంటలో పడినప్పుడు మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం మన వంటిళ్ళలో ఎవరైనా చూడవచ్చును. ఫ్రౌన్‌హోఫర్ డి అని పేరు పెట్టిన గీత ఈ సోడియందే. ఈ పద్ధతితోనే 1860లో సీజియం, 1861లో రుబీడియం అనే కొత్త లోహాలు బయటపడినవి. ఎవ్వరి గీతలతోనూ కలవని గీత కనబడితే అక్కడ కొత్త మూలకం ఉన్నదని అనుకోవడం ఆ రోజులలో అలవాటు అయినది. ఆ అలవాటుకు ఫలితాలు కూడా ఉన్నవి గనుక దానిని తప్పు పట్టలేము.

ఈ వాతావరణంలో 1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణం వచ్చినది. చంద్రుని నీడ ఏడెన్ మీదుగా వచ్చి, దక్కను పీఠభూమిని, కృష్ణా గుంటూరు ప్రాంతాలను దాటి, బంగాళాఖాతం మీదుగా సయాం దేశానికి పోయినది. గుంటూరు ప్రాంతంలో సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగుపడినాడు. సంపూర్ణ గ్రహణాలలో ఇంతసేపు ఉండేవి అరుదు. అందుకని వర్ణపటదర్శినులు మూటగట్టుకొని ఐరోపా శాస్త్రజ్ఞులు బయలుదేరారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మకాం పెట్టాడు. బ్రిటిషు సైన్యపు ఇంజనీరు మేజర్ టెన్నంట్ కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోను, అదే నక్షత్రశాలలో పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారిగారు నిజాము రాజ్యంలోని వనపర్తిలోను ఉన్నారు. రఘునాథాచారిగారిని గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. అంతకుముందు ఏడాదే, అనగా 1867లో, ఆయన ఆకాశంలో కాంతి మారుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనుగొన్నారు. మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు ఇంకా ఎక్కువగా కనబడవలసినది.

ఒకే గ్రహణం అందరికీ ఒకే సంఘటన కాదు. ఆనాడు కృష్ణాతీరంలో స్నానానికి పోయినవారికి అది పట్టుస్నానం, విడుపుస్నానం. సయాం రాజు మోంగ్‌కుట్ గ్రహణం వచ్చే చోటును, వేళను తానే గణితం చేసి, విదేశీ ప్రతినిధులను పిలిపించుకొని అడవి ప్రాంతంలో విడిది కట్టించి చూపించాడు. చుట్టూ ఐరోపా రాజ్యాలు దేశాలను మింగుతున్న రోజులవి. తన రాజ్యం అనాగరికం కాదని చూపడం ఆయనకు రాజకీయంగా అవసరం. గణితం సరిపోయినది గాని, అక్కడ పట్టుకొన్న జ్వరంతో అక్టోబరు 1వ తేదీన ఆయన మరణించాడు.

మరి గుంటూరులో కూర్చున్న జాన్సెన్‌కు గ్రహణం అర్థమేమిటి? ఆయన వెతికినది కొత్త మూలకాన్ని కాదు. సంపూర్ణ గ్రహణంలో నల్లని బింబం అంచున ఎర్రని మంట నాలుకలు ఎగసి కనబడతాయి. అవి సూర్యునివే, చంద్రునివి కావు అని 1860లో తీసిన ఫొటోల వల్ల తెలిసినది. వాటిలో ఉన్నది ఘనపదార్థమా, వాయువా అన్నది తేలలేదు. 1868లో వాటివైపు తిప్పిన వర్ణపటదర్శినులలో ప్రకాశవంతమైన విడివిడి గీతలు కనబడినవి. అది వేడెక్కిన వాయువుకు గుర్తు. ముఖ్యంగా ఉదజని వాయువుకు. ఆ ప్రశ్నకు ఆ రోజుతో సమాధానం దొరికినది.

జాన్సెన్ అంతటితో ఆగలేదు. ఆ గీతల ప్రకాశం చూచి, ఇంత వెలుగున్న గీతలు కనబడడానికి గ్రహణంతో పనేమున్నదని ఆలోచించాడు. మరునాడు ఉదయం, ఆగస్టు 19న, గుంటూరు ఎండలోనే సూర్యుని అంచుకు దర్శినిని గురిపెట్టాడు. మంట నాలుకల గీతలు మళ్ళీ కనబడినవి! అంతవరకు ఏ కొన్నేళ్ళకో కొన్ని నిమిషాలు మాత్రమే కనబడే దృశ్యం ఆ నాటినుండి ప్రతి పగలూ కనబడే దృశ్యమయింది. ఈ వార్తను జాన్సెన్ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం వ్రాశాడు. ఆ ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు.

ఉత్తరం పారిస్ చేరేసరికి ఒక విచిత్రం జరిగినది. లండన్‌లో సైనిక శాఖ కార్యాలయంలో గుమాస్తాగా ఉంటూ తీరిక వేళలలో ఖగోళ పరిశోధన చేసే లాక్‌యర్ అనే ఆయనకు ఇదే ఆలోచన రెండేళ్ళ ముందే వచ్చినది. తగిన పరికరం తయారయి చేతికి రావడానికి మాత్రం 1868 అక్టోబరు అయినది. అక్టోబరు 20న ఆయనకు మంట నాలుకల గీతలు కనబడినవి. ఆయన లేఖ, జాన్సెన్ లేఖ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చినవి. ఎవరు ముందన్న తగాదా పెట్టుకోకుండా కీర్తిని ఇద్దరికీ పంచారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం పోయించినది.

ఇక పసుపుపచ్చ గీత. గ్రహణం రోజున అది చాలామంది కంటబడినది. జమఖండిలో ఉన్న లెఫ్టినెంట్ హెర్షెల్, గుంటూరులోని టెన్నంట్, మలయా ద్వీపకల్పం నుంచి చూచిన రయే అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు దానిని సోడియం డి గీత అనే గుర్తించారు. పోగ్సన్ మాత్రం అది డి వద్దనో, డికి దగ్గరలోనో ఉన్నదని వ్రాశాడు. వీరిని చూచి నవ్వుకోవలసిన పని లేదు. ఉన్నది ఐదారు నిమిషాలు. అందులో గురి చూచుకోవాలి, గీతలు లెక్కపెట్టాలి, వ్రాసుకోవాలి. పసుపు ప్రాంతంలో ఒక గీత కనబడితే అది సోడియం అనుకోవడమే సహజం. ఉప్పు కణం లేని చోటు భూమిమీద ఉండదు గనుక ప్రయోగశాలలో ఏ మంట పెట్టినా ఆ గీత ప్రత్యక్షమవుతూనే ఉంటుంది.

లాక్‌యర్‌కు తొందర లేదు. సూర్యుడు ఈ రోజు కాకపోతే రేపు వస్తాడు. తీరికగా కొలిచి చూస్తే గీత సోడియం జంటగీతలతో కలవలేదు. నేటి కొలతలలో చెప్పాలంటే సోడియం గీతలు 589.6, 589.0 నానోమీటర్ల వద్ద ఉన్నవి. కొత్త గీత 587.6 వద్ద ఉన్నది. మొదటి రెండింటినీ డి1, డి2 అంటారు కనుక దీనికి డి3 అని పేరు వచ్చినది. రసాయనజ్ఞుడైన ఫ్రాంక్‌లండ్‌తో కలసి లాక్‌యర్ ఉదజనిని రకరకాల పీడనాలలో వెలిగించి, ఈ గీత దానిదేనేమో అని ప్రయత్నించాడు. రాలేదు. అప్పుడే ‘హీలియం’ అన్న పేరు పుట్టినది. గ్రీకు భాషలో ‘హీలియోస్’ అంటే సూర్యుడు. 1871లో బ్రిటిషు శాస్త్రజ్ఞుల మహాసభలో అధ్యక్షోపన్యాసం ఇస్తూ విలియం థామ్సన్ (తరువాత ఈయనే కెల్విన్ ప్రభువు) ఆ పేరును నలుగురిలో చెప్పాడు.

పేరు చివర ‘ఇయం’ ఎందుకు వచ్చినదో గమనించారా? సోడియం, పొటాషియం, సీజియం, రుబీడియం అన్నీ లోహాలు. అప్పటికి వర్ణపటం చూపిన కొత్త మూలకాలు లోహాలే. ఇదీ లోహమే అయి ఉంటుందన్న ఊహ ఆ పేరు తోకలో నిలిచిపోయినది. తరువాత దొరికిన ఆర్గాన్, నియాన్, క్రిప్టాన్, జీనాన్ అనే జడవాయువుల పేర్లన్నీ ‘ఆన్’తో ముగుస్తాయి. వాటి పక్కన హీలియం ఇప్పటికీ లోహపు పేరుతోనే కూర్చున్నది. మన ‘ఆమ్లజని’ కథ కూడా ఇటువంటిదే. ఆమ్లాలన్నింటినీ పుట్టించేది ఈ వాయువే అని లావోయిజే నమ్మి అట్టి గ్రీకు పేరు పెట్టాడు. హైడ్రోక్లోరికామ్లంలో ఆ వాయువు లేనే లేదని 1810లో డేవీ నిరూపించాడు. నమ్మకం పోయినది, పేరు పోలేదు. తెలుగులో పారిభాషిక పదాలు కూర్చిన పెద్దలు ఆ పేరును ముక్కకు ముక్కగా అనువదించుకొన్నారు గనుక, పారిస్ నగరపు పాత పొరపాటు మన తరగతి గదులలో సంస్కృత పదంగా స్థిరపడినది.

1869 ఆగస్టు 7న అమెరికాలో మరొక సంపూర్ణ గ్రహణం. సూర్యుని చుట్టూ ముత్యపు కాంతితో వ్యాపించే కిరీటంలో యంగ్, హార్క్‌నెస్ అనే ఇద్దరు వేర్వేరు చోట్ల నుంచి ఒక ఆకుపచ్చ గీతను చూచారు. మొదట యంగ్ దానిని ఇనుము గీత ఒకటి ఉన్న స్థానంలోనే గుర్తించాడు. కాని బరువైన ఇనుప ఆవిరి సూర్యుని పై పొరలన్నింటినీ దాటి అంత ఎత్తున ఎట్లా తేలుతుంది? తరువాత సున్నితంగా కొలిస్తే స్థానం కూడా ఆ ఇనుము గీతతో కలవలేదు. కాబట్టి ఇదీ కొత్త మూలకమే అన్నారు. కిరీటంలో ఉన్నది గనుక ‘కొరోనియం’ అన్నారు. అంతకుముందే, 1864లో, హగిన్స్ ఒక నీహారికలో ఎవరికీ చెందని ఆకుపచ్చ గీతలు చూచి ఉన్నాడు. దానికి తరువాత ‘నెబ్యూలియం’ అనే పేరు వచ్చినది. మూలకాల పట్టికను కూర్చిన మెండలీవ్ అంతటివాడు, 20వ శతాబ్దపు మొదట్లో, ఉదజనికంటె తేలికైన మూలకంగా కొరోనియంకు చోటు ఊహించాడు.

ఈ విధంగా మూడు పేర్లు, మూడు గీతలు ఉన్నవి. చేతిలో ఒక్క బుడ్డి గాలి కూడా లేదు. ఆనాటి రసాయనజ్ఞులు హీలియంను నమ్మకపోతే అది మూర్ఖత్వం కాదు. ఆ మూడింటిలో ఏది నిలుస్తుందో చెప్పడానికి గీతలో ఏ గుర్తూ లేదు.

అప్పుడు జరిగిన సంగతి నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె ఆసక్తికరమైనది. అమెరికాలో భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసే హిల్లెబ్రాండ్ యురేనియం ఖనిజాలను ఆమ్లంలో మరిగిస్తుండగా ఒక వాయువు బుడగలుగా వచ్చినది. దేనితోనూ కలవని ఆ వాయువును పరీక్షించి నత్రజని అని 1890లో ప్రకటించాడు. దాని వర్ణపటంలో నత్రజనికి చెందని గీతలు కూడా ఆయనకు కనబడినవి. అయితే గొట్టంలో పీడనం మారినా, విద్యుత్ప్రవాహం మారినా ఒకే వాయువు వేరు వేరు గీతలు చూపడం ఆ రోజులలో అందరికీ తెలిసిన విషయమే. ఇదీ అట్టిదే కాబోలునని ఆయన వదలివేశాడు. పరిస్థితులను బట్టి గీతలు మారతాయన్న జాగ్రత్త మంచిదే. ఆ మంచి జాగ్రత్తే ఆయన చేతిలోని హీలియంను ఆయనకు కనబడకుండా చేసినది.

1894లో రేలీ, రామ్సేలు గాలిలో ఆర్గాన్‌ను కనుగొన్నారు. అంతవరకు ఎవ్వరూ ఊహించని ఒక సోమరి వాయువు ఉన్నదని తేలిన తరువాత, దేనితోనూ కలవని వాయువు అనగానే నత్రజని అనుకోవలసిన అవసరం పోయినది. బ్రిటిషు మ్యూజియంలో ఖనిజాల విభాగంలో ఉన్న మయర్స్ హిల్లెబ్రాండ్ వ్యాసం సంగతి రామ్సే దృష్టికి తెచ్చాడు. ఆర్గాన్ దొరుకుతుందేమోనన్న ఆశతో రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం తెప్పించి, 1895 మార్చిలో ఆమ్లంతో మరిగించి చూచాడు. గొట్టంలో పసుపుపచ్చ గీత మెరిసినది. సోడియం మలినమేమో అన్న అనుమానం ఆయనకూ కలిగినది. కొలవగా, సోడియం గీతలతో అది కలవలేదు. గొట్టాన్ని క్రుక్స్‌కు పంపగా, అది సూర్యునిలోని డి3 గీతే అని ఆయన నిర్ధారించాడు. ఆ సంవత్సరమే స్వీడన్‌లో క్లీవ్, లాంగ్లెట్ ఆ వాయువు పరమాణు భారం సుమారు 4 అని కొలిచారు. గుంటూరు గ్రహణం తరువాత ఇరవైయారు ఏళ్ళు దాటిపోయినవి.

ఇప్పుడు మన వాక్యానికి వద్దాము. ‘కనుగొనుట’ అన్నదానిని ‘కంటికి కనబడుట’ అన్న అర్థంలో తీసుకొంటే 1868 ఆగస్టు 18న పసుపు గీతను చూచినవారందరూ హీలియంను కనుగొన్నవారే. వారిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. తెలిసి కనుగొనుట అయితే, 1868 అక్టోబరులో లండన్‌లో మొదలై 1871 నాటికి పేరు పెట్టుకొన్న ఊహ అది. చేతికి దొరకుట అయితే 1895. గుంటూరులో జరిగినది వేరే గొప్ప పని: గ్రహణం లేకుండా సూర్యుని అంచును చదివే పద్ధతి అక్కడ పుట్టినది. తరగతిలో ఇది చెప్పడానికి రెండు వాక్యాలు ఎక్కువ పడుతుంది. గుంటూరుకు వచ్చే గౌరవం మాత్రం దీనివల్ల తగ్గదని నా అభిప్రాయం. జాన్సెన్ చూడని దానిని ఆయనకు అంటగట్టి, ఆయన నిజంగా చేసినదానిని మరచిపోవడమే అన్యాయం. 1868 నాటి గుంటూరును ‘హీలియం పుట్టిన ఊరు’గా చేసినది 1895 నాటి లండన్ ప్రయోగశాల. రామ్సేకు ఆ గీత దొరకకపోతే, హీలియం కూడా కొరోనియంలాగే ఒక పాత పేరుగా మిగిలి, గుంటూరు గ్రహణాన్ని ఖగోళజ్ఞులు తప్ప ఎవరూ తలచుకొని ఉండరు.

హిల్లెబ్రాండ్ బుడగల అర్థం కూడా అక్కడితో తేలలేదు. ఏ లోహంతోనూ కలవని వాయువు యురేనియం రాతిలో ఎందుకు ఇరుక్కొని ఉన్నది? 1895లో ఎవరూ చెప్పలేకపోయారు. 1896లో బెకెరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. 1903లో రామ్సే, సాడీ రేడియం నుంచి హీలియం పుట్టడం కళ్ళారా చూచారు. రేడియోధార్మిక పదార్థాలు వెలువరించే ఆల్ఫా కణాలే హీలియం పరమాణు కేంద్రాలని రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ 1909లో ప్రచురించిన ప్రయోగంతో నిశ్చయమయింది. ఆ రాతిలోని యురేనియం యుగాల తరబడి విచ్ఛిన్నమవుతూ విడిచిన ఊపిరి అది.

కొరోనియం మాత్రం ఏ రాతిలోనూ దొరకలేదు. పరమాణువుల నిర్మాణం తెలిసినకొద్దీ మూలకాల పట్టికలో దానికి ఖాళీ లేదని స్పష్టమయింది. అయితే ఆ గీత ఎవరిది? ఈ ప్రశ్నకు దారి చూపిన పని మన దేశంలో జరిగినది. వేడి, పీడనం మారితే పరమాణువులు ఎలక్ట్రానులను ఎట్లా పోగొట్టుకొంటాయో, దానివల్ల ఏ గీతలు కనబడతాయో, ఏవి మాయమవుతాయో 1920లో మేఘనాథ్ సాహా ఒక సమీకరణంలో పెట్టాడు. దాని ఆధారంతో 1925లో సెసీలియా పేన్ ఒక ఆశ్చర్యకరమైన లెక్క చేసినది. సూర్యుని వర్ణపటంలో ఇనుము గీతలు వేలకొద్దీ ఉన్నవి గనుక సూర్యునిలో ఇనుము విస్తారంగా ఉన్నదని అంతవరకు పెద్దలు అనుకొన్నారు. గీతల సంఖ్య పదార్థపు రాశిని చెప్పదని, అక్కడి వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలని, తీసుకొంటే నక్షత్రాలలో ఉన్నది ముఖ్యంగా ఉదజని, హీలియం అని ఆమె చూపినది. పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. నాలుగేళ్ళ తరువాత ఒప్పుకోక తప్పలేదు. సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు నాలుగవ వంతు హీలియమే. అయినా మామూలు సూర్యకాంతి వర్ణపటంలో దాని నల్ల గీత కనబడదు. హీలియంను రెచ్చగొట్టడానికి సూర్యుని ఉపరితలపు వేడి చాలదు.

1927లో బోవెన్ నెబ్యూలియం ముడి విప్పాడు. అది మన ఆమ్లజనే! రెండు ఎలక్ట్రానులు పోగొట్టుకొన్న ఆమ్లజని. భూమిమీద ఎంత శూన్యం చేసినా గొట్టంలో పరమాణువులు క్షణక్షణం ఒకదానినొకటి ఢీకొంటాయి. ఆ రద్దీలో ఈ గీతను వెలువరించే వ్యవధి పరమాణువుకు దొరకదు. నీహారికలో చుట్టుపక్కల ఎవరూ లేరు. అర నిమిషానికి పైగా ఒంటరిగా ఉన్న పరమాణువు అప్పుడు తీరికగా ఈ కాంతిని విడుస్తుంది. ఇదే బాటలో 1939లో గ్రోట్రియన్, 1940ల మొదట్లో ఎడ్లెన్ సూర్యకిరీటపు గీతలను పట్టుకొన్నారు. 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత ఇనుముది. యంగ్ మొదట పలికిన పేరే సరియైనది, ఆయన చూపిన కారణం మాత్రం వేరు. పొయ్యిలో కరిగే ఇనుము కాదది. తనకున్న 26 ఎలక్ట్రానులలో 13ను పోగొట్టుకొన్న ఇనుము. అన్ని ఎలక్ట్రానులు ఊడాలంటే 20 లక్షల డిగ్రీల వేడి కావాలి. ఉపరితలంలో ఆరువేల డిగ్రీలు కూడా లేని సూర్యునికి పైనున్న కిరీటంలో అంత వేడి ఎక్కడ నుంచి వచ్చినదన్నది ఖగోళజ్ఞులు ఈనాటికీ పూర్తిగా తేల్చలేదు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 నౌకలో సూర్యకిరీటాన్ని చూడడానికి ఒక పరికరం ఉన్నది. అది సూర్యబింబాన్ని ఒక బిళ్ళతో అడ్డగించి, తన గ్రహణాన్ని తానే కల్పించుకొంటుంది. దాని వర్ణపటదర్శినికి ఎంచి ఇచ్చిన గీతలలో ఒకటి ఈ 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత.